స్వామికార్యం, స్వకార్యం, రెండు షేరీ చేపలు

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. పుట్టి పెరిగింది అలాస్కాలో. ఏటా జులై వచ్చేసరికి రెండు వారాలు సెలవు పెట్టి ఉత్తరానికి చెక్కేస్తాడు. అమ్మానాన్నల్ని చూసి రావడానికట. వెళ్ళేటప్పుడు చేతిలో గేలం కర్ర ఉంటుంది, వచ్చేటప్పుడు ఐసుపెట్టె నిండా సాల్మన్ చేపలుంటాయి. కీనాయ్ నదిలో సాల్మన్లు సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే రోజులన్నమాట అవి. "ఇంతకీ నువ్వెళ్ళేది అమ్మానాన్నల కోసమా, చేపల కోసమా?" అని ఓసారి అడిగేశాను. "మా అమ్మ కూడా ఏటా అదే అడుగుతుంది" అని నవ్వేశాడు.

మన పెద్దవాళ్ళు దీన్నే స్వామికార్యం, స్వకార్యం అన్నారు. ఒక ఖర్చుతో రెండు పనులు. చిక్కల్లా ఏమిటంటే, ఆ రెంటిలో ఏది స్వామికార్యమో ఏది స్వకార్యమో వెళ్ళేవాడికి కూడా ఒక్కోసారి తెలీదు. నాకు తెలియడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది. అదీ ఎక్కడ? రాస్ లఫాన్ దగ్గర.

చేపల పిచ్చి నాకు సియాటిల్ వచ్చాక పట్టింది కాదు. మాది కోనసీమ. కాలవ గట్టున పుట్టినవాడికి ఈత, గేలం ఎవరూ పనిగట్టుకుని నేర్పక్కర్లేదు. నాకు మాత్రం పనిగట్టుకునే నేర్పినవాడు ఒకడున్నాడు. మా అమ్మ ఆఖరి తమ్ముడు, మా చిన్న మావయ్య. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అరటిచెట్ల మొదట్లో తవ్వి ఎర్రలు తీయడం, కొబ్బరి డొక్కలో దాచడం, బెండు ఎలా మునిగితే ఏ చేపో చెప్పడం, అన్నీ ఆయన దగ్గరే. ఓసారి జెల్ల ముల్లు గుచ్చుకుని నేను గోల పెడితే, అమ్మమ్మ తమలపాకుల పెట్టెలోంచి సున్నం తెచ్చి రాశాడు. "ఇంట్లో చెప్పావో, రేపట్నుంచి తీసుకురాను" అన్నాడు. చెప్పలేదు.

2006లో అమెరికా వచ్చాక నేను మొదట చూడ్డానికి వెళ్ళింది స్పేస్ నీడిల్ కాదు, బల్లార్డ్ లాకులు. మన ధవళేశ్వరం దగ్గర చూసే లాకుల్లాంటివే. కాకపోతే పక్కన చేపలెక్కడానికి మెట్లు కట్టారు. అద్దం వెనక సాల్మన్లు ఒక్కో మెట్టూ ఎగురుతూ పుట్టిన నదికి పోతుంటే మన పులస గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ ఏడే లైసెన్సు తీసుకుని గేలం పట్టాను. అక్కడ సాల్మన్ పడితే సంబరం కంటే ముందు జేబులోంచి కార్డు తీసి ఏ రకం, ఎక్కడ, ఎప్పుడు అని రాసుకోవాలి. మా మావయ్య చూస్తే పడీ పడీ నవ్వేవాడు.

సరే, మావయ్య సంగతికొద్దాం.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలింది. నేను తొమ్మిదో క్లాసు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. మంట అరవై అయిదు రోజులు మండింది. విదేశాల నుంచి నిపుణుల్ని రప్పించాక గానీ ఆరలేదు. మావయ్య నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని తీసికెళ్ళాడు. చాలా దూరంలోనే ఆపేశారు. రాత్రి ఎనిమిదింటికి కొబ్బరి చెట్ల నీడలు రోడ్డు మీద పడ్డాయి. చప్పుడు వినపడ్డం కాదు, గుండెల్లో తగిలింది. నేను భయపడి ఇంటికి పోదామన్నాను. మావయ్య కదల్లేదు. "కింద ఇంతుందంట్రా!" అన్నాడు. భయం కాదు, లెక్క చూసుకుంటున్నవాడి మొహం అది.

ఆ తర్వాత ఐటీఐ చదివాడు. పైపుల పని నేర్చుకున్నాడు. గ్యాస్ మా ఊళ్ళ కింద ఉంది కానీ పర్మినెంటు ఉద్యోగం మాత్రం మా ఊళ్ళవాళ్ళకి అంత తేలిగ్గా దొరకలేదు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టుల్లో తిరిగి, అప్పు చేసి ఏజెంటుకి డబ్బు కట్టి, 2003లో ఖతార్ వెళ్ళాడు. పెళ్ళాన్నీ అయిదేళ్ళ కూతుర్నీ అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళాడు. నా ఎంసీఏ ఆఖరి ఏడు ఫీజు ఆయన పంపిన మొదటి సొమ్ములోంచి కట్టాం. అది అప్పో సాయమో ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే తీర్చాలేమోనని భయం.

మా అత్తయ్య చాలాకాలం ఆయన రైల్వేలో పని చేస్తున్నాడనుకుంది. పాపం ఆవిడ తప్పు కాదు. గ్యాసుని ద్రవంగా మార్చే యంత్రాల వరసని అక్కడ ట్రెయిన్ అంటారు. "ఈ నెలంతా మూడో ట్రెయిన్ మీదున్నాను" అని ఫోన్లో చెప్పేవాడు. ఈవిడ వీధిలో అందరికీ "మాయన రైలు మీదే ఉంటారు, ఇంటికెలా వస్తారు" అని చెప్పేది. :)

ఇక చెప్పాల్సిన అసలు విషయం.

2016 ఆగస్టులో అమ్మమ్మ పోయింది. మావయ్య రాలేదు. కబురు తెలిసిన రోజు రాలేదు, మూడో రోజు రాలేదు, పెద్దకర్మకీ రాలేదు. "లీవు దొరకలేదు" అన్నాడంతే. నేను సియాటిల్ నుంచి పెద్దకర్మకి అందుకున్నాను. ఇంటినిండా చుట్టాలు. ఆఖరి కొడుకు, అమ్మమ్మకి ప్రాణం, కడసారి చూపుకి రాలేదని చెవులు కొరుక్కుంటున్నారు. "గల్ఫు డబ్బు రుచి మరిగితే అంతే" అని ఎవరో అన్నారు. మా అమ్మ ఒక్క మాట అనలేదు. తమ్ముడితో మాట్లాడ్డం మానేసింది, అంతే.

తిరుగు ప్రయాణంలో దోహాలో విమానం మారాలి. ఆ ఎయిర్‌పోర్టు మధ్యలో ఓ పెద్ద పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. మీలో చాలామంది దాని కింద ఫోటో దిగే ఉంటారు. దాని కింద కూర్చుని మావయ్యకి ఫోన్ చేశాను. "నేను అమెరికా నుంచి రాగలిగాను మావయ్యా. నువ్వు నాలుగ్గంటల దూరంలో ఉండి రాలేకపోయావు. అంత డబ్బు ఏం చేసుకుంటావు?" అన్నాను.

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "నిజమేరా" అన్నాడు. ఇంకాసేపాగి "ఏవన్నా తిన్నావా?" అన్నాడు.

నేను పెట్టేశాను. ఆయన ఉన్న చోటుకీ నేను కూర్చున్న చోటుకీ ఎనభై కిలోమీటర్లు. అప్పటికి దోహాలో విమానం మారడం నాకు ఆరోసారి. ఒక్కసారి కూడా బయటికి వెళ్ళి చూసిరాలేదు. ఆ లెక్క మాత్రం ఆ రోజు నాకు గుర్తుకు రాలేదు.

రెండున్నరేళ్ళు గడిచాయి. పండగలకి వాట్సాప్‌లో దీపాల బొమ్మలు పంపుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు. 2019 జనవరి ఆఖర్లో క్లయింటు పని మీద నన్ను దోహా పంపారు, రెండు వారాలకి. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. మా టీములో చేపల పిచ్చివాళ్ళు ఇంకో ముగ్గురు తేలారు. అందరం కలిసి శుక్రవారం తెల్లవారుజామున పడవ మాట్లాడుకున్నాం. హమూర్ పట్టాలి, అదృష్టం ఉంటే వంజరం పట్టాలి. అక్కడ దాన్ని కనద్ అంటారు. సియాటిల్ నుంచే నాలుగు ముక్కలుగా విడదీసే గేలం కర్ర సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. దీన్నిబట్టి నా స్వామికార్యం ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మావయ్యకి కూడా ఫోన్ చేశాను. "శుక్రవారం సాయంత్రం మూడింటికి వస్తాను, ఓ రెండు గంటలుంటాను" అన్నాను. డాక్టరు అపాయింట్‌మెంటు ఇచ్చినట్టు. "అలాగేరా అల్లుడూ, నాకూ శుక్రవారమే సెలవు" అన్నాడు.

గురువారం రాత్రి గాలి లేచింది. అక్కడ చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలిని షమాల్ అంటారు. అరబ్బీలో షమాల్ అంటే ఉత్తరమనే అర్థం. పడవవాడు ఫోన్ చేసి రేపు సముద్రంలోకి వెళ్ళడం కుదరదన్నాడు. నాకు చిరాకేసింది. పొద్దున్న ఆరున్నరకి ఏం తోచక మావయ్యకి ఫోన్ చేసి, ఇప్పుడే వచ్చెయ్యనా అన్నాను. "రా. నేను అయిదింటికే లేచాను" అన్నాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. గాలి వచ్చి పడవ ఆగింది కాబట్టే ఆ రోజు నాకు మావయ్య దక్కాడు. నా మంచితనం ఇందులో ఏమీ లేదు.

అల్ ఖోర్ ఊరి బయట క్యాంపు. గదికి ఆరుగురు, మూడు రెండంతస్తుల మంచాలు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు బయటే నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. నలభై ఏడేళ్ళే ఆయనకి. నన్ను గదికి తీసికెళ్ళి అందరికీ పరిచయం చేశాడు. "మా అక్క కొడుకు. అమెరికా. కంప్యూటర్లు." వాళ్ళకి అప్పటికే నా గురించి అంతా తెలుసని తర్వాత అర్థమైంది. నా పెళ్ళి ఫోటో ఆయన మంచం పక్క గోడకి అంటించి ఉంది. నేను ఆయనకి పంపినది కాదది. ఎవరి వాట్సాప్‌లోంచో తీసి ప్రింటు వేయించుకున్నాడు.

కింది మంచం ఆయనది జగిత్యాల. మావయ్యతో పదకొండేళ్ళ సావాసం. చేపలకి వస్తారా అని అడిగాను. "వద్దన్నా. మాకు ఎస్సారెస్పీ కాలువ తప్ప వేరే నీళ్ళు తెల్వదు. గా సముద్రం కాడ నాకేం పని? మీరు తెస్తే నేను పులుసు వెడ్తా" అన్నాడు.

కారెక్కాక ఎక్కడికెళ్దామన్నాను. మావయ్య కాసేపు ఆలోచించి, "పదహారేళ్ళయింది, రాస్ లఫాన్ దాటి ఒక్కసారీ పైకెళ్ళలేదురా. ఆ కొసకి రువైస్ అని ఉందంట. అక్కడ చేపలు పడతాయంటారు. ముందు నా డ్యూటీ చూపిత్తాను పద" అన్నాడు.

రాస్ అంటే తల, నేల సముద్రంలోకి చొచ్చుకుపోయే కొస. లోపలికి వెళ్ళాలంటే పాసుండాలి. గేటుకి దూరంగా రోడ్డు పక్కన ఆపాను. కంచె, దాని వెనక కిలోమీటర్ల కొద్దీ పైపులు, గోపురాలు, వాటి మీద మంటలు. పగటి వెలుతురులో మంటలు పాలిపోయి కనపడుతున్నాయి.

"కుడి పక్క నించి మూడోది చూడు. దాని కిందే మా షట్‌డౌన్" అన్నాడు.

షట్‌డౌన్ అంటే ఒక ట్రెయిన్‌ని పూర్తిగా ఆపి, విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించడం. ఒక్కరోజు ఆలస్యమైతే ఎంత నష్టమో లెక్క ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ చేస్తారు. అప్పటికి అక్కడ పద్నాలుగు ట్రెయిన్లున్నాయి. అన్నీ కలిపి ఏడాదికి 77 మిలియన్ టన్నులు తయారు చేయగలవు. గ్యాసుని సున్నాకి కింద 160 డిగ్రీల దాకా చల్లబరిస్తే నీళ్ళలా అయిపోతుంది. ఆరువందల గదుల్లో పట్టే గాలి ఒక్క గదిలో పడుతుంది. అప్పుడు ఓడల్లో పోస్తారు. మొదటి ఓడ 1996 డిసెంబరులో జపాన్ వెళ్ళింది. గుజరాత్‌లోని దహేజ్‌కి 2004 జనవరిలో వచ్చింది, ఆ ఓడ పేరు దిశ. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. మావయ్య చెప్పినదైతే ఒక్కటే. "మన కింద ఉన్నది మనకి చాలదంట్రా. ఇక్కడ నించి మోసుకెళ్తన్నారు. నేనూ అంతే కదా, అక్కడ చాలక ఇక్కడికొచ్చాను."

అప్పటికి ఖతార్‌ని చుట్టుపక్కల దేశాలు వెలేసి ఏడాదిన్నర దాటింది. 2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు రాకపోకలు మూసేశాయి. 2021 జనవరి దాకా అలాగే ఉంది. పాలు, కూరగాయలు ఆగిపోయిన మొదటి వారం క్యాంపులో అందరూ భయపడ్డారట. "కానీ ఒకటి సెప్పనా? ఇక్కడ నించి సముద్రం అడుగున ఎమిరేట్స్‌కి గ్యాస్ గొట్టం ఉంది. అది మాత్రం ఆపలేదు. మాటల్లేవు గానీ గ్యాస్ వెళ్తానే ఉంది" అన్నాడు మావయ్య.

నేనేమీ అనలేదు. ఇంటికి డబ్బు కూడా అలాగే వెళ్తూనే ఉందని నాకు తెలుసు. ఆ రెండున్నరేళ్ళలో అమ్మమ్మ సంవత్సరీకాలకి ప్రతిసారీ మొదట వచ్చే డబ్బు ఆయనదే. పెద్ద మావయ్య దాన్ని తీసుకునేవాడు. ఎవరూ ఫోన్ చేసేవారు కాదు.

రువైస్ ఖతార్‌కి ఉత్తరపు కొస. చిన్న హార్బరు. చెక్క పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. గట్టు మీద బోర్లించిన పెద్ద గంపల్లాంటి తీగబోనులు గుట్టలుగా పడున్నాయి. గర్గూర్ అంటారట. "మన మావులేరా ఇవి! ఇక్కడోళ్ళు ఇనుముతో అల్లారు" అన్నాడు. మా కాలవల్లో వెదురుతో అల్లి పెట్టే మావులు చూసినవాడికి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం నమాజు వేళకి గాలి తగ్గింది. హార్బరు పక్కన రాళ్ళ గట్టు మీద కూర్చున్నాం. మలయాళీలు, బంగ్లాదేశ్‌వాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు అక్కడక్కడా ఉన్నారు.

నేను నా నాలుగు ముక్కల కర్ర బిగించాను. మావయ్య జేబులోంచి ఖాళీ నీళ్ళసీసాకి చుట్టిన నైలాన్ తాడు తీశాడు. నా కర్రని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతేంటి?" అన్నాడు. చెప్పాను. ఆయన మారుమాట్లాడకుండా జాగ్రత్తగా వెనక్కి ఇచ్చేశాడు.

ఇక్కడ చేపలకి మర్యాద తెలీదు. నా కర్ర జోలికి ఒక్కటీ రాలేదు. మావయ్య కణవ ముక్క గుచ్చి విసిరిన అరగంటకే ఒక షేరీ పడింది. ఇంకో అరగంటకి రెండోది. తర్వాత ఖుబూస్ రొట్టె తడిపి ముద్ద చేసి సన్న గేలానికి పెట్టాడు. సాఫీ చేపలు దానికి వస్తాయట. అవీ వచ్చాయి. నేను ఉత్సాహపడి, నువ్వాగు నేను తీస్తానని ఒక సాఫీని పట్టుకున్నాను. వీపు మీద ముల్లు బొటనవేలికి దిగింది. దానికి విషముంటుందని నాకు తెలీదు. భుజం దాకా మంట లాగేసింది.

మావయ్య కంగారుపడలేదు. ఫ్లాస్కులో టీ కోసం తెచ్చిన వేణ్ణీళ్ళు మూతలో పోసి, తన వేలు పెట్టి వేడి చూసుకుని, నా వేలు అందులో ముంచాడు. "తియ్యకు. వేడికి ఇరిగిపోద్ది" అన్నాడు. నా మణికట్టు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చల్లారుతుంటే ఇంకాస్త పోస్తున్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళవాణ్ణి. చెయ్యి ఆయన చేతిలో ఉంది. అటు తిరిగి సముద్రం వైపు చూస్తూ అడిగాను. "అమ్మమ్మ పోయినప్పుడు ఎందుకు రాలేదు మావయ్యా?"

ఎదురుగా కూర్చుని ఉంటే అడగలేకపోయేవాణ్ణి. ఆయనా చెప్పేవాడు కాదేమో. ఇద్దరం నీళ్ళవైపు చూస్తున్నాం కాబట్టి సరిపోయింది.

"అప్పుడు ఇక్కడ నించి బయటికెళ్ళాలంటే కంపెనీవోడు సంతకం పెట్టాలిరా. ఎగ్జిట్ పర్మిట్ అని. అది లేపోతే టికెట్టున్నా ఇమానం ఎక్కనివ్వరు. సంతకం పెట్టేవోడు ఊళ్ళో లేడు. రోజూ ఆఫీసు కాడికెళ్ళి కూచునేవోణ్ణి. అయిదో రోజుకొచ్చింది కాగితం. అప్పటికి ఏవుంది? అంతా అయిపోయింది. షట్‌డౌన్ జరుగుతుంది, ఇప్పుడెల్తే మళ్ళీ పిలుత్తామో లేదో అన్నారు. పిల్లది ఇంజనీరింగులో అప్పుడే చేరింది."

"మరి మాకు చెప్పొచ్చు కదా! లీవు దొరకలేదన్నావు."

"ఏవని సెప్పను? నన్ను బయటికెళ్ళనివ్వట్లేదని సెప్తే అక్క నేను జైల్లో ఉన్నాననుకుంటాది. తల్లి పోయి అదేడుత్తుంటే, నా కోసం కూడా ఏడవమనా? డబ్బు మనిషి అనుకుంటే తిట్టుకుని ఊరుకుంటారు."

నీళ్ళు చల్లారిపోయాయి. ఇంకోసారి పోశాడు.

"ఇప్పుడు అక్కర్లేదంట. మొన్న అక్టోబరు నించి తీసేశారు" అన్నాడు.

నిజమే. 2018 అక్టోబరు 28 నుంచి ఎక్కువమంది కార్మికులకి ఆ పర్మిట్ అవసరం లేకుండా చట్టం మార్చారు. నేను దిగడానికి మూడు నెలల ముందు. ఆయన తాడు సర్దుకుంటూ, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "మా అమ్మ ఇంకో రెండేళ్ళు ఉండాల్సింది."

నాకు పసుప్పచ్చ ఎలుగుబంటి గుర్తొచ్చింది. "ఆ రోజు ఫోన్లో అన్నదానికి..." అని మొదలుపెట్టాను.

"లాగుతుంది చూడు" అన్నాడు. నా కర్ర వంగింది. లాగితే నాచు వచ్చింది. ఇద్దరం నవ్వాం. నేను మొదలుపెట్టిన మాట అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి తనే అడిగాడు, "అక్కడ మీ సాలమన్ అంటారే, అది మన పులస లాంటిదేనంటగా?"

"దాదాపు అంతే. సముద్రం నుంచి పుట్టిన నదిలోకి ఎదురీదుతుంది. అక్కడ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది."

"చచ్చిపోద్దా! ఇంత దూరం వచ్చి?" చాలా బాధపడ్డాడు, తెలిసినవాళ్ళ సంగతి విన్నట్టు. "మన పులస అలా కాదురా. గుడ్లెట్టి ఎనక్కెల్లిపోద్ది. మళ్ళీ వస్తది. ధవళేశ్వరం ఆనకట్ట దాటలేదు గానీ, వస్తది."

చీకటి పడ్డాక బయల్దేరాం. తిరిగి వస్తుంటే రాస్ లఫాన్ మంటలు ఈసారి నిజమైన మంటల్లా ఉన్నాయి. ఆకాశం కింద అంచంతా ఎర్రగా ఉంది. పాశర్లపూడి గుర్తొచ్చిందా మావయ్యా అన్నాను. "రోజూ గుర్తొత్తాది. కాపోతే అది ఆర్పడానికి అరవై రోజులు పట్టింది. ఇది ఆరిపోకుండా చూడ్డానికి మా అందరికీ జీతాలిత్తన్నారు" అన్నాడు.

అల్ ఖోర్ దగ్గరపడే సరికి రోడ్డంతా హారన్లు. కార్ల కిటికీల్లోంచి జెండాలు. ఏమిటా అని భయపడ్డాను. ఆ రోజు 2019 ఫిబ్రవరి 1, అబూదాబీలో ఖతార్ జపాన్‌ని మూడు ఒకటితో ఓడించి ఏషియన్ కప్పు గెలిచింది. తమను వెలేసిన దేశంలో ఆడి గెలిచారు మరి, ఆ సంబరం వేరు. క్యాంపులో కూడా కుర్రాళ్ళు ఎగురుతున్నారు. జగిత్యాలాయన వాటితో పని లేకుండా చింతపండు నానబెట్టుకుని మా కోసం కాచుకుని ఉన్నాడు. రెండు షేరీలు పులుసు, సాఫీలు వేపుడు. ఏడుగురం కింద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. నా బొటనవేలు వాచిపోయింది కాబట్టి మావయ్య ముళ్ళు తీసి నా పళ్ళెంలో వేశాడు. అందరి ముందూ. నేను వద్దనలేదు.

కారు దాకా వచ్చి, "అక్కకి చెప్పకు. ఏడుత్తాది" అన్నాడు.

చిన్నప్పుడు జెల్ల ముల్లు సంగతి ఇంట్లో చెప్పొద్దంటే చెప్పలేదు. ఈసారి మాట తప్పాను. దోహా నుంచి సియాటిల్ టికెట్టు మార్చుకుని నాలుగు రోజులకి ఇంటికెళ్ళాను. వంటింట్లో అమ్మ కొబ్బరి కోరుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. అమ్మ కోరడం ఆపలేదు. ఏడవలేదు కూడా. చెప్పడం పూర్తయ్యాక, "ఏం చేపలు పడ్డాయి?" అని అడిగింది. షేరీ అన్నాను. అదెలా ఉంటుందంది. చెప్పాను.

ఆ శుక్రవారం పొద్దున్న, ఆయనకి సెలవు రోజు కదా, నా ఫోన్ తీసుకుని తనే చేసింది. రెండున్నరేళ్ళ తర్వాత తమ్ముడితో మొదటి మాట. "ఇవాళ ఏం కూర వండుకున్నావురా?" అంది. అటువైపు ఏమన్నాడో నాకు వినపడలేదు. చాలాసేపు చింతపండు పులుపు గురించి, కారం గురించే మాట్లాడుకున్నారు. అమ్మమ్మ మాట ఇద్దరూ ఎత్తలేదు.

మావయ్య 2021లో ఖతార్ వదిలేసి ఇంటికొచ్చేశాడు. అమ్మాయి ఉద్యోగంలో చేరింది. ఎంసీఏ ఫీజు సంగతి నేనే కదిపాను. ఎంతో కూడా చెప్పాను. "అదా? మర్చిపోయాను" అన్నాడు. ఆయన ఏదీ మర్చిపోడని నాకు తెలుసు. ఆ డబ్బు ఆయన తీసుకోడు, నేను ఊరుకోలేను, ప్రస్తుతానికి అక్కడుంది మా వ్యవహారం. నా నాలుగు ముక్కల కర్ర మాత్రం తీసుకున్నాడు. కాలవ మీద దాంతో ఏమీ పడట్లేదని ఫోన్లో చెప్తుంటాడు.

సియాటిల్ తిరిగొచ్చాక అలాస్కా ఆయన అడిగాడు, చేపలెలా పడ్డాయని. నాకొక్కటీ పడలేదన్నాను. "అయ్యో, అంత దూరం వెళ్ళి!" అన్నాడు.

మీలో దోహా మీదుగానో, దుబాయి మీదుగానో, కువైట్ మీదుగానో ఇంటికెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. విమానం మారే చోట మీవాళ్ళెవరైనా ఉన్నారేమో ఓసారి అమ్మని అడిగి చూడండి. ఉంటే టికెట్టు ఒక రోజు వెనక్కి జరపండి. సాకు కావాలంటే గేలం ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి. ఏమీ పడకపోయినా ఫరవాలేదు. సాఫీ పడితే మాత్రం చేత్తో ముట్టుకోకండి. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు ఉంచుకోండి.